వెండి చెట్టు మింగిన జిగ్గులు

శనివారం పొద్దున్న అయిదింటికి కళ్ళు తెరిచేసరికే హార్లన్ స్టాలింగ్స్ దగ్గర పథకం తయారుగా ఉంది. ఆరింటికి పడవ తీయాలి. ఏడింటికి చెట్టును నీళ్ళలోంచి లాగాలి. ఎనిమిదింటికి గ్యారేజీ వెనక పైపు పెట్టి కడగాలి. తొమ్మిదింటికి దాన్ని ట్రక్కులో వేసుకుని ఊరంతా ఒక చుట్టు చుట్టి, చర్చి నుంచి తెచ్చానని చెప్పి హాల్లో నిలబెట్టాలి. పన్నెండింటికి అత్తగారు దిగుతుంది. పథకంలో వంక పెట్టడానికేం లేదు. వంకంతా జనవరిలో జరిగిపోయింది.

మా వైపు, అంటే అలబామాలో ఆనకట్ట వెనక నీళ్ళొడ్డున బతికేవాళ్ళం, జనవరిలో ఒక పని చేస్తాం. పండగ అయిపోయి ఎండిన క్రిస్మస్ చెట్టును బకెట్లో నిలబెట్టి, సిమెంటు పోసి, నీళ్ళలో ముంచుతాం. కొమ్మల్లో చిన్న చేపలు చేరతాయి, వాటి కోసం పెద్ద బాస్ చేపలొస్తాయి. ఎక్కడ ముంచామో మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పరు. పోయిన జనవరిలో హార్లన్ భార్య నాడీన్, "గ్యారేజీలో అడ్డంగా ఉన్న ఆ చెట్టు తీసెయ్" అంది. ఆమె చెప్పింది తలుపుకి ఆనించిన ఎండు దేవదారు గురించి. హార్లన్‌కి దాని వెనకున్న పొడుగాటి అట్టపెట్టె కూడా కనిపించింది. తెరిస్తే లోపల పాతకాలపు అల్యూమినియం క్రిస్మస్ చెట్టు, తళతళలాడే వెండి రేకుల కొమ్మలతో. దేవదారు రెండేళ్ళలో కుళ్ళిపోతుంది, రేకు చెట్టు కలకాలం ఉంటుంది కదా అనుకున్నాడు. ఆ ఆలోచన వచ్చినందుకు తనని తానే మెచ్చుకున్నాడు కూడా.

మార్చిలో నాడీన్ మాటల సందులో అంది: "అమ్మ చెట్టు పెట్టె మీద బరువులేం పెట్టకు. ఇల్లు అమ్మేశాక అమ్మ నా చేతిలో పెట్టిన వస్తువు అదొక్కటే." హార్లన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "చర్చికిచ్చానే. ఈస్టర్ నాటకానికి అడిగారు" అన్నాడు. ఈస్టర్ నాటకంలో వెండి చెట్టెందుకని ఆమె అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది. ఆమె అడగలేదు. ఏసు సమాధి ముందు ఏదో మెరవాలేమో అనుకుంది.

అత్తగారు మిస్ యూలా; మా వైపు పెళ్ళయిన పెద్దావిడల్నీ గౌరవంగా మిస్ అనే అంటాం. ఎనభై రెండేళ్ళు. ఇల్లమ్మాక కొడుకు రాయిస్ ఇంట్లో, హైవే పక్కన ఉంటోంది. ఒక నెల కూతురింట్లో ఉండి చూస్తుంది. నచ్చితే ఇక్కడే, లేకపోతే మళ్ళీ హైవే పక్కకే. రావడానికి ముందు ఒక్కటే అడిగింది: "నా వెండి చెట్టు హాల్లో పెడతారుగా?" పెడతామని నాడీన్ మాటిచ్చింది. తల్లి తన దగ్గరే ఉండాలని ఆమెకి ఎంత ఆశో హార్లన్‌కి తెలుసు. వారం రోజులుగా ఆమె పాడుకుంటూ గిన్నెలు తోముతోంది. ఆ పాట విన్నప్పుడల్లా హార్లన్ లేచి గ్యారేజీలోకి వెళ్ళిపోయేవాడు.

అయిదున్నరకి అతను బూట్లు వేసుకుంటుంటే నాడీన్ లేచొచ్చింది.

"ఎక్కడికి బయల్దేరావ్?"

"చర్చికి. చెట్టు తెస్తా."

"చర్చికి గాలపు కర్రెందుకు?"

"అంటే... ముందు కాసేపు చేపలు, తర్వాత చర్చి."

"చర్చికి నువ్వేం వెళ్ళక్కర్లేదులే. పోయిన వారమే పాస్టర్ గారికి ఫోన్ చేశా. చెట్టు స్టోర్‌రూములో భద్రంగా ఉందట. పదిన్నరకి ఆయనే తెస్తానన్నారు." ఆవులించింది. "అన్నట్టు చర్చిలో పాడేటప్పుడు వేసుకునే నా పాటల అంగీ ఉతికి గ్యారేజీలో ఆరేశా. పడవ సామాను దానికి తగిలించకు. ఇప్పటికే చిమ్మటలు అంచు కుచ్చుల్ని కొరికేశాయని పాస్టర్ గారన్నారు. మా బృందంలో ఏ అంగీకీ సగం కుచ్చుల్లేవు."

హార్లన్ ఒక బూటుతో అలాగే నిలబడిపోయాడు. చెట్టు నీళ్ళలో ఉందని లోకంలో అతనొక్కడికే తెలుసు. మరి పాస్టర్ ఒడెల్ దేన్ని తెస్తున్నట్టు? అబద్ధమాడింది తను, దాన్ని భద్రంగా దాచింది ఆయనా! రెండో బూటు వేసుకోవడం మర్చిపోయి పడవ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

చెట్టు ఇంటి ముందు చెక్కల రేవుకి కుడిపక్క, పడవల కొట్టం అవతల ఉంది. వంటింటి కిటికీలోంచి కనపడదు. రేవు చివరికొచ్చి నిలబడితే కనపడుతుంది. చలికాలం కదా, ఆనకట్ట వాళ్ళు నీళ్ళు దించుతున్నారు. ఈసారి పోయినేటికంటే అడుగు ఎక్కువే దించారు. హార్లన్ వెళ్ళేసరికి వెండి కొన జానెడు పైకి తేలి, పొద్దుటి వెలుగులో మిలమిలమంటోంది. 

చెట్టును పట్టుకు లాగడానికి జిగ్గే దిక్కని ముందే అనుకున్నాడు. జిగ్గంటే సీసపు తల, దానికో లావాటి కొక్కెం, తుప్పలకి తగులుకోకుండా కొక్కేనికి అడ్డంగా నిలబడే గట్టి పోచలు, చుట్టూ రబ్బరు దారాల కుచ్చు. హార్లన్ తన జిగ్గులు తనే కడతాడు. నల్లటి కుచ్చులో ఒకే ఒక్క ఎర్ర దారం అతని గుర్తు. తుప్పల్లో జిగ్ పోగొట్టుకోని మనిషని ఊరి చేపల క్లబ్బు అతనికి చెక్క ఫలకం కూడా ఇచ్చింది. ప్రతి వసంతంలో క్లబ్బులో ఉపన్యాసం ఇస్తాడు. "దూరం విసరొద్దు. దగ్గరికెళ్ళి నిలువుగా జారవిడవండి. తగులుకుంటే లాగొద్దు. లాగినకొద్దీ కొక్కెం దిగబడుతుంది. దారం వదులు చేసి, అవతలి పక్కకి వెళ్ళి, కర్ర కొన మెల్లగా ఊపండి. దానంతటదే వచ్చేస్తుంది." ఫలకం హాల్లో తగిలించి ఉంది. ఈ ఏడు వెండి చెట్టు అతని జిగ్గులు పదకొండు మింగిన సంగతి మాత్రం ఫలకానికి తెలియదు.

ఆ చెట్టు ఈ రోజు ఒక్కదాన్నీ పట్టుకోలేదు. కొమ్మల నడిమధ్యకి వేశాడు, జిగ్గు బుద్ధిగా జారి బయటికొచ్చింది. అడ్డంగా లాగాడు, వచ్చేసింది. అడ్డు పోచలు కత్తిరించి వేశాడు, అయినా వచ్చేసింది. ఎలా పోగొట్టుకోకూడదో ఊరంతటికీ చెప్పిన మనిషికి ఎలా తగిలించాలో తెలియలేదు. పైగా చేపలు! మూడోసారికే రెండు పౌన్ల బాస్ పట్టుకుంది. విసుక్కుంటూ విప్పి వదిలాడు. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. తొమ్మిదింటికి కర్ర విల్లులా వంగితే హమ్మయ్య, తగులుకుందనుకుని ప్రాణం లేచొచ్చి లాగాడు. ఏడు పౌన్లు దాటిన బాస్. జన్మలో అంత పెద్దది పట్టలేదు.

"పోవే, పనీపాటా లేదా నీకు!" అని దాన్ని నీళ్ళలోకి విసిరేశాడు.

పదింటికి ఒక కొక్కెం ఎట్టకేలకు కొమ్మలో దిగబడింది. హార్లన్ కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. చెట్టు కదల్లేదు, పడవే చెట్టు దగ్గరికి వెళ్ళింది. సిమెంటు బకెట్టు బురదలో పాతుకుపోయింది. ఇంతలో సూర్యుడు కొట్టం మీదికొచ్చాడు, వెండి కొన అద్దంలా మెరిసి రేవు మీదికి వెలుగు కొట్టింది. ఇంకాసేపట్లో పాస్టరొస్తాడు. ముందు ఆ మెరుపు కప్పాలి. హార్లన్ తన ఎర్ర టోపీ తీసి, ముందుకి వంగి, కొనకి తొడిగాడు. తొడుగుతుంటే కాలు కరెంటు మోటారు మీట మీద పడింది. పడవ ముందుకి ఉరికింది, గాలపు దారం తెగింది, హార్లన్ నీళ్ళలో పడ్డాడు.

నీళ్ళు మెడలోతు, వెన్ను గడ్డకట్టించే చలి. పడవ తీరిగ్గా అవతలి గట్టుకేసి పోతోంది. అరుద్దామనుకునేలోగా రేవు మీంచి నాడీన్ గొంతు వినిపించింది. "హార్లన్! పాస్టర్ గారొచ్చారు!" పలికితే ఎక్కడున్నావంటుంది. ఎక్కడున్నాడో చెబితే చూడ్డానికొస్తుంది. హార్లన్ పలకలేదు. కొట్టం చాటున ఒడ్డెక్కి, పక్కింటి దొడ్డి మీదుగా వణుకుతూ గ్యారేజీలో దూరాడు. తడి బట్టలు డ్రయ్యర్లో పడేసి తిప్పాడు. అది పాత మిషను, తిరిగిందంటే పక్కవాడి మాట వినపడదు. ఒంటి మీదికి అక్కడ దొరికిన బట్ట ఒక్కటే, నాడీన్ ఊదారంగు పాటల అంగీ.

అక్కడ రేవు చివర నాడీన్ నిలబడి చూసింది. అవతలి గట్టున ఖాళీ పడవ రాళ్ళకి కొట్టుకుంటోంది. కొట్టం పక్క నీళ్ళలో హార్లన్ ఎర్ర టోపీ. టోపీ నీళ్ళ మీద తేలడం లేదు, నీళ్ళలోంచి నిలబడి ఉంది. కింద తల ఉంటేనే టోపీ అలా నిలబడుతుంది.

ఆమె పెట్టిన కేకకి పాస్టర్ ఒడెల్ చేతిలో అట్టపెట్టె జారి పడింది. లావుపాటి మనిషి, పరుగున వచ్చి రేవు మీద మోకరించాడు. "తండ్రీ, ఈ నీ బిడ్డని..."

"ప్రార్థన తర్వాత పాస్టర్ గారూ! ముందు తాడు పట్టుకోండి!"

అదే సమయానికి రాయిస్ ట్రక్కు వాకిట్లో ఆగింది. మధ్యాహ్నం రాష్ట్రమంతా టీవీ ముందు కూర్చునే ఫుట్‌బాల్ ఆట ఉంది. దాని కోసం తల్లిని గంటన్నర ముందే దింపిపోదామని వచ్చాడు. అక్క కేక విని పరిగెత్తుకొచ్చి టోపీని చూశాడు. మనిషి మునిగితే ఎవరైనా దూకుతారు. మావాళ్ళకి ముందు చేతికొచ్చేది గాలపు కర్ర. రాయిస్ ట్రక్కులోంచి కర్ర లాగి, ఒక్క విసురులో జిగ్గును సరిగ్గా టోపీ పక్కన దించాడు. ఎన్నోసార్లు వేసిన చోటులా చెయ్యి తడుముకోలేదు.

"కొంచెం ఎడమకి!" అన్నాడు పాస్టర్, మోకాళ్ళ మీదే. "కుడివైపు వేస్తే కొమ్మకి పట్టుకుంటుంది."

మెల్లగా నడిచొచ్చిన మిస్ యూలా చేతికర్ర ఆనించి ఆగింది. కొడుకు వైపూ పాస్టర్ వైపూ ఒకసారి చూసింది. రేవు మీదున్న కుర్చీ దులుపుకుని కూర్చుంది.

"తగిలింది!" రాయిస్ అరిచాడు. "అబ్బా, ఏం బరువు! బావే!"

"లాగు రాయిస్, లాగరా!" నాడీన్ ఏడుస్తోంది.

దారం పుటుక్కున తెగింది. రాయిస్ ఇక ఆగలేదు. ట్రక్కును గట్టు దాకా దించి, ముందు బిగించిన, తాడు చుట్టి బరువులు లాగే వించ్ నుంచి ఇనప తాడు లాక్కుని నీళ్ళలోకి దిగాడు. చూడలేక కళ్ళు గట్టిగా మూసుకుని నీళ్ళ కింద తడిమి, తాడు చుట్టి కొక్కెం బిగించాడు. "చెయ్యి దొరికిందక్కా! బిర్రబిగుసుకుపోయింది!" అంటే నాడీన్ అక్కడే చతికిలపడింది. రాయిస్ ఒడ్డుకొచ్చి మీట నొక్కాడు. వించ్ మూలిగింది. నీళ్ళు సుడి తిరిగాయి. ఎర్ర టోపీ ఒకసారి ఊగి, మెల్లగా గట్టు వైపు నడిచొచ్చింది.

ముందు టోపీ వచ్చింది. తర్వాత వెండి కొమ్మలు వరసగా, నీళ్ళు కారుతూ వచ్చాయి. చివరికి సిమెంటు బకెట్టు గట్టు మీద దబ్బున పడి, మిస్ యూలా వెండి చెట్టు ఎండలో నిటారుగా నిలబడింది. కొమ్మ కొమ్మకీ రంగురంగుల జిగ్గులు వేలాడుతున్నాయి. పండక్కి ఎవరో ముందే అలంకరించి పెట్టినట్టుంది.

డ్రయ్యర్ ఆగాక గోల విని, హార్లన్ కాళ్ళదాకా ఊదారంగు అంగీతో గ్యారేజీలోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఎవరైనా పడ్డారా?"

పాస్టర్ ఆ అంగీని చూసి, పరలోకం నుంచి వచ్చాడనుకున్నాడో ఏమో, రెండు చేతులూ పైకెత్తాడు. నాడీన్ లేచి ఎదురెళ్ళి భర్తని గట్టిగా కావలించుకుంది. బతికే ఉన్నాడని రూఢి చేసుకుంది. తర్వాత చెట్టు కొన మీది తడి టోపీ ఊడబెరికి, దాంతో అతన్ని భుజం మీదా వీపు మీదా ఎడాపెడా బాదింది.

"పోయావనుకున్నా తెలుసా! పోయావనుకున్నా! చర్చికిచ్చానన్నావుగా?"

"ఇచ్చాడమ్మా, ఇచ్చాడు!" అన్నాడు పాస్టర్, ఇంకా తేరుకోక. "నేనే వసంతంలో పాత సామాన్లతో పాటు ఎవరికో ఇచ్చేశాననుకుని... నీకా మాట ఎలా చెప్పాలో తెలీక... ఇదిగో, పక్క ఊరి పాత సామాన్ల కొట్లో ఇలాంటిదే వెతికి తెచ్చా." కిందపడ్డ పెట్టెలోంచి ఇంకో వెండి చెట్టు తొంగి చూస్తోంది. ఆయన దాన్ని చూశాడు, గట్టు మీది చెట్టును చూశాడు, హార్లన్‌ని చూశాడు. "అయితే నువ్వు నాకేమీ ఇవ్వనే లేదన్నమాట! ఒరేయ్, తొమ్మిది రోజుల్నించీ నాకు నిద్ర లేదురా!"

నాడీన్ అప్పటికే చెట్టు దగ్గరికెళ్ళి జిగ్గులు చూస్తోంది. నల్ల కుచ్చు, ఎర్ర దారం. ఒకటి, రెండు, మూడు... పొద్దుటి దాంతో కలిపి పన్నెండు. "ఒక్కటీ పోగొట్టుకోని మనిషివి కదూ?" అంది. హార్లన్ అంగీ చేతుల్లోకి చేతులు లాక్కున్నాడు. ఆ పక్కనే నారింజ, నీలం కలిసిన కుచ్చులు ఆరున్నాయి. అవి రాయిస్ అభిమానించే ఫుట్‌బాల్ జట్టు రంగులు. రాయిస్ ట్రక్కు తాళాలు వెతుక్కోవడం మొదలెట్టాడు.

"ఒరేయ్ రాయిస్!" హార్లన్‌కి ఒక్కసారిగా గొంతొచ్చింది. "నేను డ్యూటీకెళ్తే నా చెట్టు మీద పడుతున్నావన్నమాట! అందుకేనా వారం వారం 'బావా, ఎన్నింటికెళ్తావ్' అని ఫోన్లు?"

"నీ చెట్టేంటి బావా? మా అమ్మ చెట్టు."

హార్లన్ అంగీ అంచు సర్దుకున్నాడు.

అడుగు కొమ్మల్లో ఇంకో నాలుగు జిగ్గులున్నాయి. ఊదారంగు పట్టు కుచ్చులు. నాడీన్ ఒకటి విప్పి, భర్త ఒంటి మీది అంగీ అంచుకి ఆనించి చూసింది. అదే రంగు, అదే పట్టు.

"పాస్టర్ గారూ," అంది నెమ్మదిగా, "చిమ్మటలన్నారు."

పాస్టర్ ఒడెల్ పండిన టమాటాలా అయ్యాడు. "ఆ పట్టు కుచ్చు నీళ్ళలో భలే ఆడుతుందమ్మా..." అని గొణిగాడు.

నాడీన్ తల్లి కుర్చీ పక్కన కూలబడింది. ఇప్పుడు ఆమె నిజంగా ఏడుస్తోంది. "నీ చెట్టు నాశనం చేశామమ్మా. ఒక్కటంటే ఒక్కటడిగావు. ఇంక నువ్వుండనే ఉండవు."

మిస్ యూలా చేతిసంచి తెరిచి చిన్న పిప్పరమెంట్ల డబ్బా తీసింది. డబ్బాలోంచి వేలెడంత వెండి రేకు తీసి అల్లుడికి చూపించింది.

"జూలైలో వారం రోజులు ఇక్కడున్నాగా. మీరిద్దరూ పనుల్లోకి వెళ్తే నేనేం చేశాననుకున్నారు, ఊలు అల్లానా? ఇదిగో, ఈ చివర కూర్చుని జిగ్గేశాను. మూడుసార్లు తగులుకుంది. మూడుసార్లూ దారం వదిలి, నాలుగడుగులు పక్కకి నడిచి, కర్ర కొన ఊపాను. మూడోసారి ఇది అంటుకుని వచ్చింది. నా చెట్టు నాకు తెలీదా?"

"జూలైలోనే తెలుసా?" హార్లన్ నోరు తెరుచుకుపోయింది. "మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు చెప్తావేమోనని చూశా అల్లుడూ. నాలుగు నెలలు దారం వదిలే ఉంచా. నువ్వేమో లాగుతూనే ఉన్నావ్."

హార్లన్ తల దించుకున్నాడు. సిగ్గుతో పాటు, మార్చి నుంచి ఛాతీ మీదున్న బరువేదో దిగిపోయినట్టు కూడా అనిపించింది. "తప్పైపోయింది అత్తయ్యా. మీదని తెలిస్తే ముట్టుకునేవాణ్ణి కాదు. తెలిశాక చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడే తుడిచి హాల్లో పెడతాను."

"హాల్లోనా? ఎందుకు?" మిస్ యూలా చేతికర్రతో చెట్టును చూపించింది. "నలభై ఏళ్ళు దాని దుమ్ము దులిపాను, మా ఆయన కొనుక్కొచ్చాడని. ఆయనా చేపల పిచ్చోడే. ఇప్పుడుంటే, యూలా, ఇది నీళ్ళలోనే బాగుందనేవాడు. హాల్లోకి పాస్టర్ గారి చెట్టుందిగా." చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది. "రాయిస్ ఇంటి ముందేముంది? లారీలు. నేనిక్కడే ఉంటాను నాడీన్. కానీ ఆ చెట్టు అక్కడ కాదు, మరీ దూరం, నా చెయ్యి అంత లాగదు. ఈ కుర్చీకెదురుగా, పాతిక అడుగుల్లో వెయ్యండి."

నాడీన్ తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, ఏడుపులోంచే నవ్వింది. రాయిస్ ఆట మొదటి సగం పోగొట్టుకున్నాడు. పాస్టర్ చొక్కా చేతులు మడిచి బకెట్టు మోశాడు. హార్లన్ జిగ్గులన్నీ విప్పి, ఎవరివి వాళ్ళకి పంచి, మూడింటికల్లా చెట్టును కొత్త చోట ముంచాడు. అంగీ అంచు తడవకుండా నాడీన్ పట్టుకుంది.

వసంతంలో క్లబ్బువాళ్ళు యథాప్రకారం ఉపన్యాసం పెట్టారు. తుప్పల్లో జిగ్ పోకుండా చేపలు పట్టడమెలాగో మిస్ యూలా ముప్పావుగంట చెప్పింది. కుర్చీలు హార్లన్ వేశాడు.